చూసి రాసిన తీర్పు

వంతెన పని చోటు, రేకుల గది
మంగళవారం

జడ్జత్తా,

నీ సంగతి నాకు పేపరు చెప్పాల్సొచ్చింది. అదైనా నేను కొన్న పేపరు కాదు, మా మేస్త్రి భోజనానికి బల్ల మీద పరిచిన కాగితం. కంచం పక్కన నీ ఫొటో ఉంది. అది మా అత్త, కంచం తియ్యవయ్యా అన్నాను. పాపం, తినడం ఆపి కాగితం దులిపి రెండు చేతులతో ఇచ్చాడు.

నిన్ను సస్పెండు చేశారట. ఏదో నాలుగంతస్తుల అద్దె మేడ కేసులో, తీర్పు చెప్పకముందు జడ్జిగారు ఎవరికీ చెప్పకుండా ఆ మేడకి వెళ్ళారట. "వెంట గుర్తు తెలియని మహిళ ఒకరు ఉన్నారు" అని కూడా రాశారు.

ఆ గుర్తు తెలియని మహిళ నేనే కదా అత్తా.

పరదాల గుడ్డ కొందాం రమ్మని తీసుకెళ్ళావు ఆ ఆదివారం. నీ చేతిలో కూరగాయల సంచి. దారిలో ఒక మేడ ముందు ఆగి, గోడలెలా ఉన్నాయో కాస్త చూడవే, ఇంజనీరువి కదా అన్నావు. రిటైరయ్యాక ఉండటానికి ఇల్లు వెతుక్కుంటున్నావేమో అనుకుని పై దాకా ఎక్కాను. గోడలు తట్టాను, పగుళ్ళలో వేలు పెట్టి చూశాను. రెండో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ మనిద్దరికీ కుర్చీలు వేసి మంచినీళ్ళిచ్చింది. కిందికొచ్చాక "ఇది పడుతుందా?" అని అడిగావు. రెండు పెద్ద వానలు చాలన్నాను. తర్వాత వెళ్ళి నీలం రంగు గుడ్డ కొన్నాం, ఇంటికొచ్చాక నీకది నచ్చలేదు. అది నీ కోర్టులో నడుస్తున్న కేసని మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

సరే, చెప్పలేదు. అయితే ఏం? నువ్వు మేడ ఖాళీ చెయ్యమన్నావు, పదకొండు కుటుంబాలు ఖాళీ చేశాయి, యజమాని దాన్ని పడగొట్టేశాడు. అన్ని ప్రాణాలు దక్కాయి కదా. దండ వెయ్యాల్సింది పోయి దండిస్తారా?

నీ గురించి వాళ్ళకేం తెలుసు? పిండిమర కేసు నాకిప్పటికీ గుర్తే. చప్పుడుకి నిద్ర లేదని పక్కింటాయన దావా వేస్తే, నువ్వు ఇద్దరు లాయర్లనీ వెంటబెట్టుకుని ఆయన పడగ్గదిలో కూర్చున్నావు. మర యజమాని లాయరు "చప్పుడేం లేదండీ" అని అరిచాడు, అరవకపోతే నీకు వినపడదు కాబట్టి. అక్కడే తీర్పైపోయిందని నవ్వుతూ చెప్పేదానివి. తీర్పు ఎవరి కోసం రాయాలో కూడా నువ్వే చెప్పావు నాకు: ఓడినవాడికి అర్థమయ్యేలా రాయాలి, గెలిచినవాడు ఎలాగూ చదవడు అని. కాగితాల మీద కూర్చునే జడ్జీలు కోకొల్లలు, కళ్ళతో చూసి రాసే జడ్జి నువ్వొక్కదానివే. నేను వంతెనల కింద పాకుతూ పగుళ్ళు వెతుకుతున్నానంటే అది నిన్ను చూసి నేర్చుకున్నదే.

మంచి లాయర్ని పెట్టుకో. ఊరుకోకు. అసలేం జరిగిందో మొత్తం రాయి.

నీ మేనకోడలు

*

జడ్జి క్వార్టర్లు, వెనక వరండా
శనివారం

ఒసే వాయిదా,

పుట్టడం దగ్గర్నుంచీ ప్రతిదీ ఆలస్యంగా చేస్తావని నీకా పేరు పెట్టాను గానీ, కోపం మాత్రం ఎన్నడూ వాయిదా వెయ్యలేదు నువ్వు. ఉత్తరం చదువుతుంటే కాగితం వెచ్చగా తగిలింది.

ముందు ఒక నియమం చెప్తాను, బుద్ధిగా విను. విచారణలో నిన్ను సాక్షిగా పిలుస్తారు. కాబట్టి ఆ మేడ గురించి, ఆ ఆదివారం గురించి, తీర్పు గురించి నా దగ్గర్నుంచి ఒక్క మాట కూడా నీకు రాదు. నువ్వూ రాయకు. ఈసారికి నీకు తెలియక రాశావు కనక సరిపోయింది. మిగతా లోకంలో విషయాలు బోలెడున్నాయి, వాటి గురించి రాయి.

ఉదాహరణకి నా దినచర్య. ఇన్నేళ్ళలో మొదటిసారి పొద్దున్నే ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. అయినా పదిన్నరకి నా కాళ్ళు గదిలోంచి హాల్లోకి నడిచి పెద్ద కుర్చీలో కూర్చుంటున్నాయి. నిన్న నాకు తెలియకుండానే "పిలవండి" అన్నాను. పనిమనిషి వంటింట్లోంచి తొంగి చూసి, ఎవర్నమ్మా అంది. ఎవర్నీ కాదులే, నీ పని చూసుకో అన్నాను. మధ్యాహ్నం అటువైపు వెళ్ళే బంట్రోతు ఒకసారి లోపలికొచ్చి కుండీలకి నీళ్ళు పోసి వెళ్ళాడు.  పోయాల్సిన దానికంటే ఎక్కువే పోశాడు.

నాతోపాటు ఉద్యోగంలో చేరిన స్నేహితుడు ఒకాయన ఉన్నాడే, ఇప్పుడు పై కోర్టులో కూర్చున్నవాడు, ఆయన ఫోన్ చేశాడు. ఒంట్లో బాగాలేదని రాజీనామా రాసిస్తే విచారణ అటకెక్కుతుందట, గౌరవంగా ఇంటికెళ్ళచ్చట. నా ఒళ్ళు గుండ్రాయిలా ఉందయ్యా, అబద్ధం ఎందుకు రాయమంటావు అన్నాను. నీ మంచికే చెప్తున్నానన్నాడు. నిజంగా మంచికే చెప్పాడు, అందులో సందేహం లేదు. కానీ ఇన్నేళ్ళు వేలమందిని నిలబెట్టి, అడిగినదానికి జవాబు చెప్పండి అని గద్దించినదాన్ని. నా వంతు వచ్చేసరికి మోకాళ్ళ నొప్పని తప్పుకోమంటే ఎలా?

లాయర్ని పెట్టుకోవడం లేదు. నా తరఫున నేనే మాట్లాడగలను, నోరు బాగానే ఉంది.

వంతెన మీద తల మీద టోపీ పెట్టుకుంటున్నావా లేదా అది రాయి.

అత్త

*

రేకుల గది
ఆదివారం

అత్తా,

టోపీ పెట్టుకుంటున్నాను. టోపీ సంగతి అయిపోయింది.

నాకు సమన్లు వచ్చాయి. నువ్వు రాయొద్దన్నావు, నాకు తెలుసు, కానీ నేను రాయకుండా ఉండలేను. నువ్వు ఆ మేడ యజమాని దగ్గర ఏదో పుచ్చుకుని తీర్పిచ్చావని ఇక్కడ కూడా నలుగురూ అంటున్నారు. ఆ వెంట ఉన్న ఆడమనిషి యజమాని పంపిన మనిషే అని కూడా అంటున్నారట. అంటే నేను. నిన్ను ఎవరైనా ఒక గొడుగిచ్చి కొనగలిగితే చాలు, నేను ఈ వంతెన మీంచి దూకుతాను. వానలో తడిసి కోర్టుకెళ్తావు గానీ గుమాస్తా ఇచ్చిన గొడుగు కూడా పుచ్చుకోవు నువ్వు.

నేనొకటి ఆలోచించాను. జడ్జి గోడ చూడటం పెద్ద నేరం కాదట, చిన్న మందలింపుతో పోతుందట. తెలిసిన వాళ్ళని అడిగాను. అసలు ప్రమాదం ఎక్కడంటే, ఇద్దరు లాయర్లకీ తెలియకుండా ఒక ఇంజనీరుని తీసుకెళ్ళి అభిప్రాయం అడగడం, ఆ మాట మీద తీర్పు రాయడం. అది తేలితే ఉద్యోగం పోతుందట. కాబట్టి నేను గోడలు చూడలేదు, నువ్వు నన్నేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. పరదాల గుడ్డ కొనడానికి వచ్చాను, ఎండగా ఉందని నీడలో నిలబడ్డాను, అంతే. మనిద్దరి మధ్య మాట ఎవరు విన్నారు గనక? నా మాట కాదనేవాడు లేడు.

ఇది తప్పని నాకు తెలుసు. తప్పైతే కానీ. నువ్వు ఆ కుర్చీలో ఉండటం ఈ అబద్ధం కంటే పెద్ద నిజం.

నువ్వు సరేనంటే, ఏమీ చెప్పక్కర్లేదు, వచ్చే ఉత్తరంలో నీ మోకాలి గురించి ఏదో ఒకటి రాయి. రాయకపోతే వద్దని అర్థం చేసుకుంటాను.

నీది

*

జడ్జి క్వార్టర్లు
గురువారం

వాయిదాకి,

నీ ఉత్తరంలో నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను. సమన్లు వచ్చాయి, రాయొద్దన్నావు కానీ ఉండలేను అన్నంత వరకే చదివాను. మిగతాది చదవకుండా మడిచి, ఎక్కడి దాకా చదివానో దాని మీదే రాసి సంతకం పెట్టి, ఆ మధ్యాహ్నమే తీసుకెళ్ళి విచారణాధికారి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను.

నువ్వు అందులో ఏం రాశావో నాకు తెలియదు. నీకు ఇబ్బంది అయ్యేదేదైనా ఉండొచ్చని తెలుసు. అది తెలిసే ఇచ్చాను.

నీ సాక్ష్యం అయ్యేదాకా నా నుంచి ఉత్తరం రాదు. నువ్వు రాస్తే విప్పను.

అత్త

*

రేకుల గది
సోమవారం

జడ్జిగారికి,

విప్పనన్నారు కాబట్టి మీ గోడకి చెప్పుకుంటున్నాననుకుని రాస్తున్నాను.

సొంత మేనకోడల్ని పట్టించిన అత్తని నేను లోకంలో ఎక్కడా చూడలేదు. నేను అబద్ధం చెప్తానని నా చేత్తో రాసిన కాగితం ఇప్పుడు విచారణాధికారి బల్ల మీద ఉంది. మోకాలి గుర్తుతో సహా! రేపు నేను ఆ గదిలో అడుగుపెట్టగానే అది చదివి వినిపిస్తారు. మా ఆఫీసుకి తెలిస్తే నా సంతకానికి ఇక విలువుంటుందా? నేను ఈ వంతెన గట్టిదని రాస్తే ఎవరైనా నమ్ముతారా? ఇవేమీ ఆలోచించలేదా నువ్వు? ఆలోచించే ఉంటావు. అదే నా మంట.

చిన్నప్పుడు సెలవులకి మీ ఇంటికొస్తే, నేనూ అన్నయ్యా కొట్టుకుని నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళం. ముందు వచ్చినవాళ్ళ మాట వినేదానివి కాదు. రెండోవాడు రానీ, ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పు అనేదానివి. నేను ఎప్పుడూ ముందు పరిగెత్తేదాన్ని, ఎప్పుడూ లాభం ఉండేది కాదు. ఆ అత్తకి ఆ ఆదివారం ఏమైంది? ఎందుకు నన్నొక్కదాన్నే అడిగావు? ఇది నీ మీద కోపంతో అడగడం లేదు, నిజంగా తెలియక అడుగుతున్నాను.

సరే. నాకిక అబద్ధం చెప్పే దారి లేకుండా చేశావు. నిజమే చెప్తాను. తర్వాత నన్ననకు. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ నువ్వు చదవవు: నీ ఉత్తరం చూసి ముందు ఏడ్చాను, ఆ తర్వాత చాలా రోజులకి కడుపు నిండా అన్నం తిన్నాను.

గుర్తు తెలియని మహిళ

*

రైల్లో మొదలుపెట్టి రేకుల గదిలో పూర్తి చేసింది
శుక్రవారం

అత్తా,

అయిపోయింది. ఇక చదవచ్చు నువ్వు.

నా వాంగ్మూలం అప్పుడు లోపల కూర్చునే హక్కు ఉండి కూడా బయట వరండాలో బల్ల మీద కూర్చున్నావు. నేను నీ ముందు నుంచి వెళ్తుంటే తలెత్తి ఎదురుగోడ చూశావు. నీ ముఖం చూసి నేను తడబడతానని అలా చేశావని నాకర్థమైంది. అర్థమయ్యాక ఇంకా తడబడ్డాను. లోపల ఏం జరిగిందో నేనే చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

విచారణాధికారి ముసలాయన, నెమ్మదిమనిషి. నన్ను కూర్చోమని, నా ఉత్తరం చేతిలోకి తీసుకుని, మీ అత్తగారి మోకాలు ఇప్పుడెలా ఉందమ్మా అని అడిగారు. నేల చీలితే బాగుండు అనిపించింది. నేను జరిగిందంతా చెప్పాక ఆయనే అన్నారు, నువ్వు మొదటి జవాబులోనే అంతా రాసిచ్చేశావట. మేడకి వెళ్ళానని, మేనకోడల్ని తీసుకెళ్ళానని, పడుతుందా అని అడిగానని, ఆమె చెప్పిన మాట నమ్మి తీర్పు రాశానని. ఏమీ పుచ్చుకోలేదు అన్నదొక్కటే నీ వాదన. అంటే నేను ఎండకి నీడలో నిలబడ్డానని చెప్పుంటే, ఆ గదిలో అబద్ధాలకోరుని నేనొక్కదాన్నే అయ్యేదాన్ని. నా ఉత్తరం ఒకందుకు పనికొచ్చింది. నువ్వు నాకేమీ నేర్పలేదని, నన్ను ఏ యజమానీ పంపలేదని దాన్ని చదివినవాళ్ళకి వేరే సాక్ష్యం అక్కర్లేదన్నారు.

నా మాట అయిపోయింది. అప్పుడు లేచాడు ఆ అద్దెవాళ్ళ లాయరు, నీ మీద ఫిర్యాదు చేసినాయన. ప్రతి ప్రశ్నకీ ముందు దగ్గుతాడు. నేను ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. ఏదో నిన్ను ఇరికించే ప్రశ్న వేస్తాడనుకున్నాను. దగ్గి, మేడ పడుతుందని ఎందుకనిపించిందమ్మా అని అడిగాడు. పగుళ్ళు చూసి అన్నాను. పగుళ్ళు ఎందుకొచ్చాయన్నాడు.

అత్తా, అప్పటిదాకా నన్నెవరూ అది అడగలేదు. నువ్వు కూడా.

కింద అంతస్తులో దుకాణం కోసం మధ్య గోడ తీసేశారు, దాని బదులు పెట్టిన దూలం పై బరువుకి చాలదు, అందుకే పై అంతస్తులన్నీ పగిలాయి అన్నాను. ఎలా తెలుసన్నాడు. ఆ రోజు షట్టరు సగం ఎత్తి ఉంది, లోపల గోడ ఉన్నచోట కొత్త సిమెంటు గీత కనిపించింది, ఏడాది కూడా అయ్యుండదు అన్నాను. ఈ మాట జడ్జిగారికి చెప్పారా అన్నాడు. ఆవిడ పడుతుందా అని అడిగింది, పడుతుందన్నాను, ఎందుకని అడగలేదు అన్నాను.

 ఆయన అప్పుడు దగ్గలేదు. మెల్లిగా అన్నాడు:

"అమ్మా, మేడ గట్టిదని వాదించి నేను ఓడిపోయాను. అది నా తెలివితక్కువే. కానీ ఆ రోజు మీ అత్తగారు నన్ను కూడా పిలిచుంటే, ఇప్పుడడిగిన ప్రశ్న అప్పుడే అడిగేవాణ్ణి. మేడని పాడుచేసింది యజమానే అని తేలితే, వీళ్ళని బయటికి పంపినా వేరే చోటు చూపించాల్సింది ఆయనే అయ్యేవాడు. పదకొండు కుటుంబాలు ఎవరిళ్ళలోనో సర్దుకుని బతుకుతున్నాయి."

 తెలిసినదే కదా, చెప్పక్కర్లేదేమో అనుకున్నాను ఆ రోజు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం మంచివాళ్ళమే.

బయటికొచ్చేసరికి నువ్వు లేవు. బంట్రోతు, అమ్మగారు తలుపు చప్పుడు వినగానే వెళ్ళిపోయారండి అన్నాడు. రైలుకి టైమైంది, వచ్చేశాను.

నా మాట వల్ల నీ ఉద్యోగం పోతుంది అత్తా. ఆ మాట పైకి రాయకపోతే ఊపిరాడటం లేదు, అందుకని రాస్తున్నాను.

నీ మేనకోడలు

*

మేడ మీద రెండు గదులు
ఆదివారం

ఒసే పిల్లా,

ఇన్నాళ్ళూ విప్పకుండా పక్కన పెట్టిన నీ ఉత్తరం, రైలు ఉత్తరం, రెండూ కలిపి చదివాను. చిరునామా చూశావుగా. నేనిప్పుడు అద్దెదాన్ని. ఇంటాయన పంపు దగ్గర నీళ్ళు వృథా చెయ్యొద్దని మొదటిరోజే గంభీరంగా చెప్పాడు. చిత్తం అన్నాను. అలా అనడం నాకు కొత్త, అలవాటు చేసుకుంటున్నాను.

ఉత్తర్వు వచ్చింది. ఏమీ పుచ్చుకోలేదని తేల్చారు. రెండో అభియోగం మీద మాత్రం, రెండు పక్షాలకీ తెలియకుండా సాక్ష్యం సంపాదించి దాని మీద తీర్పు రాసిన మనిషి ఆ పదవికి తగదని, ఉద్యోగం నుంచి తొలగించారు. శిక్ష ఎక్కువైందని చాలామంది అంటున్నారు, పై కోర్టుకి వెళ్ళమంటున్నారు. వెళ్ళను. నేను రాసినా ఇదే రాసేదాన్ని, కాకపోతే రెండు పేజీలు తక్కువలో తేల్చేదాన్ని.

నీ మాట వల్ల పోలేదు నా ఉద్యోగం. ఆ భారం నెత్తిన వేసుకుని ఊరేగకు. పోగొట్టుకున్నది నేను, చాలా ఏళ్ళ కిందటే మొదలుపెట్టి.

ఆ అత్తకి ఏమైందని అడిగావు కదా. చెప్తాను, ఇప్పుడు చెప్పచ్చు. పిండిమర రోజుల్లో ఇద్దరు లాయర్లనీ తీసుకెళ్ళేదాన్ని, అది నిజం. తర్వాత వాళ్ళకి తీరిక ఉండేది కాదు. వానలో కారే కప్పు చూద్దాం రండయ్యా అంటే ఎండాకాలానికి వాయిదా అడిగేవాళ్ళు. విసుగొచ్చి ఒకసారి నేనొక్కదాన్నే వెళ్ళి చూశాను. కళ్ళతో చూశాక తీర్పు నున్నగా వచ్చింది, పై కోర్టు కూడా ఒప్పుకుంది. ఇంకోసారి వెళ్ళాను. అదీ ఒప్పే అయింది. రుచి మరిగాను. కూరగాయల సంచి ఎందుకు పట్టుకెళ్ళేదాన్నో తెలుసా, ఎవరూ గుర్తుపట్టకూడదని. దాక్కుని చెయ్యాల్సిన పని మంచి పనెలా అవుతుందని నన్ను నేను అడగలేదు. ఎదుటివాళ్ళని అడగడమే నా పని అనుకున్నాను.

ఈసారి యజమాని ఇంజనీరు రేపే పడిపోతుందన్నాడు, అద్దెవాళ్ళ ఇంజనీరు మనవళ్ళ దాకా ఉంటుందన్నాడు. మూడో మనిషిని కోర్టు తరఫున వెయ్యాలంటే ఆలోపే వానలొచ్చేస్తాయి. లోపల మనుషులున్నారు. భయం వేసింది. నిన్ను పిలిచాను, నువ్వు పుస్తకంలా చెప్తావని తెలుసు. ఒక్క ప్రశ్న అడిగాను, చాలనుకున్నాను. నా ప్రశ్నకి నువ్వు సరైన జవాబే ఇచ్చావు. సరైన జవాబు చేతిలో పెట్టుకుని పదకొండు కుటుంబాలకి అన్యాయం చేశాను. ఇది నిద్రపోనివ్వడం లేదు నన్ను. ఉద్యోగం పోయిన సంగతి కాదు.

ఇంకొకటి నీకు తెలియదు. ఆ రోజు నువ్వు లోపలికెళ్ళాక వరండాలో నా పక్కన ఎవరు కూర్చున్నారనుకుంటున్నావు? బట్టలు కుట్టే ఆవిడ. తీర్పు రోజు కోర్టుకొచ్చి నన్ను గుర్తుపట్టిందీ, లాయరుకి చెప్పిందీ ఆవిడే. తన వాంగ్మూలం అప్పటికే అయిపోయింది. అప్పటిదాకా నా వైపు చూడలేదు, తర్వాత తనే అంది:

"మీరెవరో ఆ రోజే చెప్పుంటే బాగుండేదమ్మా. మంచినీళ్ళిచ్చి ఊరుకునేదాన్ని కాదు. కింద షట్టరు మూసి నెలరోజులు సమ్మెట దెబ్బలు కొట్టారు, మిషను కూడా అదిరేది. మా బాధంతా చెప్పుకునేదాన్ని."

  తలుపు తెరుచుకున్న చప్పుడు విని లేచి వచ్చేశాను. నిన్ను చూస్తే ఏడుస్తానని కూడా అనుకో.

నీ ఉత్తరం ఇచ్చేసినందుకు మాత్రం క్షమాపణ అడగను. కానీ ఆ ఆఫీసు మెట్లు దిగేటప్పుడు నా మోకాళ్ళు నిజంగానే వణికాయి.

అత్త

*

రేకుల గది
బుధవారం

అత్తా,

నీ ఉత్తరం చదివి వంతెన చివరిదాకా నడిచి వచ్చాను.

నువ్వు చేసింది తప్పే. నువ్వు చెప్తే గానీ నాకు తెలియలేదు, అంత గుడ్డిగా అభిమానించాను నిన్ను. ఇప్పుడు తెలిసింది, కళ్ళు తెరుచుకున్నాయి, అయినా అభిమానం కొంచెం కూడా తగ్గలేదు. ఇంకా పెరిగిందంటే నువ్వు తిడతావు. తిట్టు. నిన్ను మెచ్చుకోవడానికి నీ అనుమతి అక్కర్లేదు నాకు. తప్పు చెయ్యనివాళ్ళని నేను చాలామందిని చూశాను, వాళ్ళల్లో సగంమంది పని చెయ్యనివాళ్ళే. తప్పు చేసి, తప్పించుకునే తలుపులన్నీ తన చేత్తో మూసుకున్న మనిషిని ఒక్కదాన్నే చూశాను.

నా సంగతి మా పై ఇంజనీరుకి నేనే చెప్పేశాను, ఉత్తరంతో సహా. ఆయన చాలాసేపు నన్ను చూసి, నువ్వు అబద్ధం ఆడటానికి కూడా ముందు అనుమతి అడిగే రకానివి, నీతో భయం లేదు, పనిచూసుకో అన్నారు.

దగ్గు లాయరు అద్దెవాళ్ళ కేసు మళ్ళీ తెరిపించారట. నాకు మళ్ళీ సమన్లు వచ్చాయి. నీకూ వచ్చాయా? నువ్వు వెళ్తావా? నీ కోర్టులోకే, నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉండగా? వెళ్ళకపోయినా ఎవరూ ఏమీ అనరు. రాతపూర్వకంగా ఇవ్వచ్చట.

నీ మేనకోడలు

*

మేడ మీద రెండు గదులు
శుక్రవారం

వాయిదాకి,

వెళ్ళాను. నిన్ననే.

రాసివ్వచ్చని నాకూ తెలుసు. కానీ రాసిచ్చిన కాగితాన్ని ఎదుటి లాయరు ఎలా ప్రశ్నిస్తాడు? ఈసారి ఎవరూ లేనిచోట ఏమీ చెప్పదలచుకోలేదు.

సాక్షులు కూర్చునే బల్ల అంత ఇరుకుగా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళు దాన్ని పైనుంచే చూశాను. ఫ్యాను గాలి అక్కడికి రాదు. ఎన్ని వందలమందిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడ కూర్చోబెట్టానో. బట్టలు కుట్టే ఆవిడ, మిగతా అద్దెవాళ్ళు వెనక వరసలో ఉన్నారు. యజమాని, ఆయన లాయరు ముందు ఉన్నారు. అందరూ ఉన్నారు.

బంట్రోతు సాక్షిని పిలవాలి. నన్ను అమ్మగారు అనడం తప్ప పేరు పలకడం ఎరగనివాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. చివరికి పేరు పెట్టి గట్టిగానే పిలిచాడు. మంచివాడు, పని పాడుచెయ్యలేదు.

బోనెక్కాను. ప్రమాణం చేశాను. కొత్త జడ్జి కుర్రాడు, ఒకప్పుడు నా ముందు జూనియర్ లాయరుగా నిలబడ్డవాడే. వృత్తి అడగాల్సి వచ్చింది. ఆయన నన్ను అడగలేక, టైపిస్టు వైపు తిరిగి, రిటైర్డ్ జడ్జి అని రాసుకోమ్మా అన్నాడు. మర్యాదకే అన్నాడు.

"రిటైర్డు కాదండి," అన్నాను. "ఈ కేసులో తప్పు చేసినందుకు తీసేశారు. అలాగే రాయించండి. నా మాట ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి ఎదుటిపక్షానికి అది తెలియాలి."

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. నాతో ఎనిమిదేళ్ళు పనిచేసిన పిల్ల. జడ్జి నా వైపు చూశాడు, తల ఊపాడు. ఆ అమ్మాయి కొట్టింది, ప్రతి అక్షరం వినపడింది నాకు.

తర్వాత దగ్గు లాయరు లేచాడు, ఆయన అయ్యాక యజమాని లాయరు లేచాడు. వాళ్ళేమడిగారో, నేనేం చెప్పానో నీకు రాయను. వచ్చే నెల నీ సాక్ష్యం ఉంది.

అత్త